మన ఇంట్లో కొన్నాళ్లు

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దుటి నుంచి క్విజ్‌లు, వక్తృత్వ పోటీలు అయ్యాక కూడా ఇంతమంది కూర్చుని ఉన్నందుకు చాలా సంతోషం. గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14న, పిల్లల పండగ రోజునే మొదలవుతాయి కదా. అందుకని పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పమని లైబ్రేరియన్ గారు అడిగారు. టీచర్‌ని కాబట్టి చదువు గురించి చెబుతానని మీరు అనుకుని ఉంటారు. చదువు సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. మా ఇంట్లో పద్నాలుగు నెలలు ఉండి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయిన ఒక అమ్మాయి గురించి, ఆ అమ్మాయి మా ఇంటికి ఎలా వచ్చిందన్న దాని గురించి ఇవాళ చెబుతాను. దాన్ని ఫోస్టర్ కేర్ అంటారు.

ముందే ఒక మాట. ఆ అమ్మాయి పేరు చెప్పను, వాళ్ల ఊరు చెప్పను. మీలో కొందరు ఆ పిల్లను మా ఇంట్లో చూసి ఉంటారు. గుర్తొచ్చినా పేరెత్తవద్దని దండం పెట్టి అడుగుతున్నాను. ఇలాంటి పిల్లల ఆనవాళ్లు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. ఆ చట్టమే లేకపోయినా నేను చెప్పేదాన్ని కాదు. ఇప్పుడు చెప్పబోయేది కూడా వాళ్లమ్మను అడిగి, కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను.

మాట దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. మన భాషలో ‘పెంచుకున్నారు’ అంటే దత్తత తీసుకున్నారనే అర్థం. ఇక ఆ పిల్ల వాళ్లదే, ఇంటిపేరు మారుతుంది, ఆస్తి వస్తుంది. తెలంగాణలో ‘సాదుకున్నరు’ అన్నా అంతే. పరాయి బిడ్డను కొన్నాళ్లు కళ్లలో పెట్టుకుని చూసి, కన్నవాళ్లు కోలుకున్నాక తిరిగి పంపడానికి మనకు ఒక మాటంటూ లేదు. ‘పెంపుడు పిల్ల’ అందామంటే ఆ మాట మనం కుక్కకూ పిల్లికీ కూడా వాడతాం, నాకు మనసొప్పలేదు. అందుకే ఆఫీసులో ఎలా అంటారో అలాగే ఫోస్టర్ అంటాను, మీరేమీ అనుకోవద్దు.

మాట లేకపోయినా ఆ పని మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే. అక్క పురిటికి వెళితే పెద్దపిల్ల మన ఇంట్లో ఉంటుంది. బావగారు గల్ఫ్‌కి పోతే పిల్లలు అమ్మమ్మ దగ్గర చదువుకుంటారు. అలా ఎవరూ లేని పిల్లల కోసం చట్టం ఆ పనినే రాసి పెట్టింది. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 44వ సెక్షన్ పూర్తిగా దీని గురించే.

ఇక మా అమ్మాయి సంగతి. తొమ్మిదేళ్ల పిల్ల. తండ్రి చనిపోయాడు. తల్లి మిరపకోతలకు ఊరుగాని ఊరు వచ్చిన కూలి మనిషి. ఆమెకు టీబీ వచ్చింది, మామూలు మందులకు లొంగని రకం. ఆస్పత్రిలో చేర్చారు. కోతలు అయిపోయి ముఠాలో మిగతావాళ్లంతా వెళ్లిపోయారు, ఈ పిల్ల ఆస్పత్రి వరండాలో మిగిలింది. ఎవరో 1098కి ఫోన్ చేశారు. పిల్లల హెల్ప్‌లైన్ వాళ్లు వచ్చి, ఇలాంటి పిల్లల సంగతి తేల్చే బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరిచారు. సమితి పిల్లను బాలసదనానికి పంపింది, మనం హోమ్ అనేది దాన్నే. అక్కడ నాలుగు నెలలు ఉంది. అప్పటికే మేం దరఖాస్తు పెట్టుకుని ఉన్నాం. ఎందుకు పెట్టుకున్నామంటే పెద్ద కారణమేమీ లేదు. మా అబ్బాయి ఇంజినీరింగ్‌కని హాస్టల్‌కి పోయాడు, వాడి గది ఖాళీగా ఉంది. నా క్లాసులో ఎప్పుడూ ఒకరో ఇద్దరో హోమ్ నుంచి వచ్చే పిల్లలు ఉంటారు. పేరెంట్స్ మీటింగ్ రోజున వాళ్లు వెనక బెంచీలో కూర్చుని తలుపు వైపు చూస్తుంటారు. వాళ్లను అలా చూసి చూసి, ఒకరోజు మా ఆయనతో అన్నాను. ఆయన రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు పొద్దున, ‘ఆ గదిలో ఫ్యాను చప్పుడు చేస్తోంది, మార్పించాలి’ అన్నారు. అదే ఆయన ఒప్పుకోవడం.

పిల్ల వచ్చిన మొదటి రాత్రి అన్నానికి పిలిచాను. వంటింట్లోకి వచ్చి, స్టాండులో ఉన్న పళ్లేలన్నీ ఒక్కొక్కటీ తిప్పి చూస్తోంది. ఏం కావాలమ్మా అంటే, ‘నా నంబరు ఏది ఆంటీ?’ అంది. హోమ్‌లో పళ్లెం వెనక మేకుతో నంబరు గీసి ఉంటుందట. తనది పదిహేడు. పదిహేడో పళ్లెంలో తినాలి, కడగాలి, తిరిగి దాని చోట పెట్టాలి. అంతమంది పిల్లలున్న చోట అలా కాకపోతే కుదరదు, వాళ్లను నేనేమీ అనడం లేదు. కానీ మా ఇంట్లో పళ్లేలకు నంబర్లు లేవు, ఏ పళ్లెంలో తినాలో తనకు తెలియలేదు. ఆ రాత్రి నిలబడే అన్నం తింది. మర్నాడు సాయంత్రం బజారుకు తీసుకెళ్లి గిన్నెల కొట్లో స్టీలు పళ్లెం ఒకటి కొన్నాం. కొట్టాయన పేరు కొట్టనా అన్నారు. మన ఇళ్లలో పెళ్లికిచ్చే బిందె మీదా గ్లాసు మీదా పేరు కొట్టిస్తాం కదా, అలాగ. ఆ మిషను గర్రుమంటూ తన పేరు అక్షరం అక్షరం పళ్లెం అంచున పడుతుంటే ఆ పిల్ల ఊపిరి బిగబట్టి చూసింది. బస్సులో ఇంటిదాకా ఆ పళ్లెం ఒళ్లోనే పెట్టుకుంది, వేలితో ఆ అక్షరాలు తడుముతూనే ఉంది.

సరే, మీకు పనికొచ్చే సంగతులకు వస్తాను.

ఎలాంటి పిల్లలను ఇస్తారు? ప్రధానంగా ఆరేళ్లు దాటి, హోమ్‌లలో ఉంటున్న పిల్లలను. చూడటానికి ఎవరూ రానివాళ్లు, అమ్మానాన్నలు జబ్బుపడ్డవాళ్లు, జైల్లో ఉన్నవాళ్ల పిల్లలు, ఇంట్లో ఉంటే ప్రమాదమున్న పిల్లలు, దత్తతకు పెట్టినా పెద్దవాళ్లయ్యారని ఎవరూ ముందుకు రానివాళ్లు, ప్రత్యేక అవసరాలున్నవాళ్లు. దత్తతకు వెళ్లగలిగిన పిల్లను ఎక్కువ కాలానికి ఫోస్టర్‌కి ఇవ్వకూడదని చట్టమే చెబుతోంది. కాబట్టి పసిపాప కోసం చూసేవాళ్లు ఈ దారిన రావద్దు. వాళ్లు దత్తతలు చూసే కేంద్ర సంస్థ ‘కారా’ వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవాలి. అక్కడ వరస పెద్దది, ఏళ్లు పడుతుంది, అయినా పాప కావాలంటే దారి అదొక్కటే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే విడదీయకుండా ఒకే ఇంటికి ఇవ్వడానికి చూస్తారు. ఆ మాట చట్టంలోనే ఉండటం నాకు చాలా నచ్చింది.

ఎవరు తీసుకోవచ్చు? 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకుముందు 2016 నాటివి ఉండేవి. అప్పట్లో పెళ్లయిన జంటలకే. ఇప్పుడు పెళ్లి కానివాళ్లు, భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు కూడా తీసుకోవచ్చు. ఒంటరి స్త్రీ అయితే ఆడపిల్లనైనా మగపిల్లాడినైనా తీసుకోవచ్చు, ఒంటరి పురుషుడైతే మగపిల్లాడిని మాత్రమే. ఒంటరివాళ్లకు వయసు 35 దాటి ఉండాలి. జంట అయితే కాపురం కనీసం రెండేళ్లు నిలకడగా సాగి ఉండాలి. భారత పౌరులై ఉండాలి. ఈ కొత్త నిబంధన చదివినప్పుడు నాకు మా స్కూల్లోనే పనిచేసే ఒక మేడమ్ గుర్తొచ్చారు. నలభై రెండేళ్లు, పెళ్లి చేసుకోలేదు, క్లాసులో ఏ పిల్లకు జ్వరమొచ్చినా ఆటోలో ఇంటిదాకా దింపి వస్తారు. ఆవిడ లాంటివాళ్లకు ఇన్నాళ్లూ ఈ తలుపు మూసి ఉంది. ఇప్పుడు తెరుచుకుంది.

కులం సంగతి కూడా చెప్పుకోవాలి, దాచిపెట్టి లాభం లేదు. పిల్ల వచ్చిన వారంలో మా వీధిలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ‘ఏమిటోళ్లు?’ అనే. దరఖాస్తు పెట్టేవాళ్ల పట్ల కులం, మతం చూసి తేడా చూపకూడదని మార్గదర్శకాల్లో ఉంది. మీ మనసులో ఆ తేడా ఉంటే మాత్రం దయచేసి ఈ పని పెట్టుకోకండి. ఇంట్లో తనకు వేరే గ్లాసు పెట్టారని తెలిస్తే ఆ పిల్లకు హోమే నయమనిపిస్తుంది. పళ్లెం మీద పేరు కొట్టించినప్పుడు నాకూ ఆ భయమే వేసింది, వేరుపెట్టామని అనుకుంటుందేమోనని. అందుకే మా ముగ్గురి పళ్లేల మీదా పేర్లు కొట్టించాం.

దరఖాస్తు సంగతి. మన జిల్లా కేంద్రంలో జిల్లా బాలల సంరక్షణ విభాగం ఉంటుంది, డీసీపీయూ అంటారు. ఎక్కడుందో తెలియకపోతే మీ అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి, ఐసీడీఎస్ ఆఫీసులో చెబుతారు. ఇప్పుడు కారా వాళ్ల పోర్టల్‌లో ఆన్‌లైన్లో కూడా నమోదు చేసుకోవచ్చు. ఆ తర్వాత ఇంటికి వస్తారు. దీనికి చాలామంది టెన్షన్ పడతారు, నేనూ పడ్డాను. ఇల్లంతా కడిగి, కర్టెన్లు మార్చి కూర్చున్నాను. వచ్చినావిడ కర్టెన్ల వంక చూడనే లేదు. పిల్ల ఎక్కడ పడుకుంటుంది, బాత్‌రూమ్ తలుపుకు గడియ ఉందా, బడి ఎంత దూరం, ఇంట్లో ఎవరికైనా తాగుడు ఉందా అని అడిగారు. మా అబ్బాయితో ఫోన్లో విడిగా మాట్లాడారు. పక్కింటి వాళ్లను మా గురించి అడిగారు. ఇంట్లో అందరికీ వైద్య పరీక్షలు చేయించాలి, టీబీ, హెపటైటిస్ బీ, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా. క్రిమినల్ కేసుల్లో శిక్ష పడి ఉండకూడదు. పిల్లను పోషించగలిగేంత ఆదాయం ఉండాలి. ఇన్ని ప్రశ్నలా అని మా ఆయనకు మొదట కాస్త చిరాకు వేసింది. నేనొకటే అన్నాను, ‘రేపు మన పిల్లాడిని ఎవరింటికైనా పంపాల్సి వస్తే ఇంతకన్నా ఎక్కువే అడుగుతాం కదా’ అని.

తర్వాత పిల్లను చూపిస్తారు. చూపిస్తారు అన్నానే గానీ, నిజానికి మనల్నే పిల్లకు చూపిస్తారు. ఒకటికి రెండుసార్లు కలుస్తాం, మాట్లాడతాం. పిల్ల ఇష్టం కూడా కనుక్కుంటారు. చివరికి బాలల సంక్షేమ సమితి ఆర్డరు ఇస్తుంది. మనం ఒక ఒప్పందం మీద సంతకం పెడతాం. పిల్ల చదువు, ఆరోగ్యం, తిండి మన బాధ్యత అని, కన్నవాళ్ల రాకపోకలకు అడ్డుపడమని, సమితి ఎప్పుడు అడిగినా తిరిగి అప్పగిస్తామని. ఏడాది లోపైతే స్వల్పకాలం అంటారు, ఆ పైన దీర్ఘకాలం, పరిస్థితిని బట్టి పిల్లకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా పొడిగించవచ్చు. నెలనెలా వచ్చి చూడాలని చట్టం. వచ్చినప్పుడు పిల్లతో విడిగా మాట్లాడనివ్వాలి. మనం పక్కన నిలబడకూడదు.

ఇక డబ్బు. దీని గురించి అందరికీ అడగాలని ఉంటుంది, అడగడానికి మొహమాటం. మొహమాటం వద్దు.

పిల్లల సంరక్షణ కోసం ఉన్న మిషన్ వాత్సల్య పథకం కింద ఫోస్టర్ కేర్‌లో ఉన్న ఒక్కో పిల్లకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. 2022కు ముందు 2,000 ఉండేది. మన రాష్ట్రాల్లో ఇందులో నూటికి కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. మంజూరు చేయడానికి జిల్లాలో ఒక కమిటీ ఉంటుంది. మంజూరైతే డబ్బు బ్యాంకులో పడుతుంది. మీ చేతికి ఎవరూ నోట్లు ఇవ్వరు. ఎవరైనా మధ్యలో చేరి, ‘నేను మంజూరు చేయిస్తాను, మొదటి నెల నాకు ఇవ్వండి’ అంటే అక్కడే ఆపేయండి. దరఖాస్తుకు మధ్యవర్తులు అక్కర్లేదు.

ఆ నాలుగు వేలు సరిపోతాయా? నేను ఒక నోటుబుక్కులో లెక్క రాశాను. అలవాటు కొద్దీ రాశాను, తర్వాత చాలా పనికొచ్చింది. మామూలు నెలల్లో పాలు, పళ్లు, గుడ్లు, బడి ఆటో, బట్టలు, నోటుబుక్కులకు ఇంచుమించు సరిపోయేవి. పిల్లకు చూపు ఆనదని మూడో నెలలో గాని మాకు తెలియలేదు. బోర్డు కనపడక పక్కపిల్ల పుస్తకంలో చూసి రాసుకునేదట. కళ్లజోడుకు, పళ్ల డాక్టరుకు కలిపి ఆ నెల ఆరువేల పైన అయింది. పండగ నెలలో కూడా దాటింది. కాబట్టి నా మాట ఏమిటంటే, అది పిల్ల ఖర్చుకు ఆసరా. ఆ డబ్బు మీద ఇల్లు గడుపుకోవాలని చూసేవాళ్లు ఇబ్బంది పడతారు, పిల్లను ఇబ్బంది పెడతారు.

ఇంకో సంగతి. డబ్బు ప్రతి నెలా ఒకటో తారీకున పడుతుందని పెట్టుకోకండి. మాకు ఒక దఫా ఐదు నెలలు రాలేదు. అడిగితే నిధులు రాలేదన్నారు, ఆ తర్వాత ఒక్కసారే పడింది. మాకు రెండు జీతాలున్నాయి కాబట్టి నెట్టుకొచ్చాం. ఆటో తోలుకునే ఇంట్లో ఐదు నెలలంటే మామూలు మాట కాదు. ఇది మారాలని నేను ప్రతి మీటింగ్‌లో అడుగుతున్నాను. అడిగిన ప్రతిసారీ తేదీతో సహా రాతపూర్వకంగా ఇస్తున్నాను. మీరూ ఫోన్లో అడిగి ఊరుకోకండి, కాగితం మీద ఇచ్చి రసీదు తీసుకోండి.

మాకు అసలు కష్టమైంది వేరే ఉంది. ఒకరోజు నీళ్ల పంపు దగ్గర ఒకావిడ, ‘మీకేమమ్మా, నెలనెలా డబ్బులొస్తాయంటగా’ అంది. నా వెనకే పిల్ల ఉంది, బకెట్టు పట్టుకుని. ఆ రాత్రి అన్నం దగ్గర ఆ పిల్ల, ‘ఆంటీ, నా డబ్బులు అయిపోయాయా? ఇంకో అట్టు వేసుకోవచ్చా?’ అని అడిగింది. నాకు గొంతులో అన్నం దిగలేదు. మా ఆయన లేచి నోటుబుక్కు తెచ్చి పిల్ల ముందు పెట్టారు. ‘చూడు, ఇవి నీకు గవర్నమెంటు ఇచ్చినవి, ఇవి నీకు మేం ఖర్చుపెట్టినవి. నువ్వు మాకు బాకీ లేవు, మేం నీకు బాకీ లేం. అట్లకు లెక్క లేదు’ అన్నారు. ఆ రోజు నుంచి ఆ లెక్క రాయడం ఆ పిల్లకే అప్పజెప్పాం. కూడికలు, తీసివేతలు అక్కడే వచ్చాయి.

కొందరు పెద్ద మనసుతో, ‘మాకు ప్రభుత్వ డబ్బు వద్దండీ, మేమే చూసుకుంటాం’ అంటారు. అలా కాదనవద్దనే నేను చెబుతాను. ఆ డబ్బు మీకిచ్చే దానం కాదు, ఆ పిల్లకు చట్టం ఇచ్చిన హక్కు. మీకు నిజంగా అవసరం లేకపోతే పిల్ల పేరున పోస్టాఫీసులో వేయండి. పద్దెనిమిదేళ్లు నిండి హోమ్ నుంచో ఫోస్టర్ ఇంటి నుంచో బయటికి వచ్చే రోజున చేతిలో పదివేలుంటే ఎంత ధైర్యమో, చూసినవాళ్లకే తెలుస్తుంది. ఆ వయసు పిల్లలకు కాళ్ల మీద నిలబడేదాకా ఆఫ్టర్ కేర్ కింద కూడా సాయం ఉంది, మామూలుగా 21 ఏళ్ల దాకా. అది కూడా అడిగి తీసుకోవాలి, దానంతట అది రాదు.

ఇక పంపించడం. అందరూ నన్ను అడిగేది ఇదే, ఎలా పంపావమ్మా అని.

వాళ్లమ్మ ఆస్పత్రి నుంచి బయటికి వచ్చాక శనివారాలు మా ఇంటికి వచ్చేది. మొదటిసారి గుమ్మం బయటే కూర్చుంది, లోపలికి రానంది. జబ్బు వల్లా, కొత్త వల్లా. పిల్ల దగ్గరికి పోలేదు. నా వెనక నిలబడి నా చీర కొంగు పట్టుకుంది. ఆ తల్లి ముఖం చూడలేకపోయాను. ఉన్నది ఉన్నట్టు చెబుతాను, ఆ క్షణంలో నా లోపల ఎక్కడో కాస్త సంతోషం కలిగింది. ఆ సంతోషానికి ఆ రాత్రంతా ఏడ్చాను. ఫోస్టర్‌కి వచ్చేవాళ్లు జాగ్రత్తపడాల్సింది అక్కడే. పిల్ల మనకు దగ్గరవుతున్న కొద్దీ, కన్నతల్లికి దూరం కాకుండా చూడటం కూడా మన పనే. మర్నాటి నుంచి ఆమెకు రోజూ వీడియో కాల్ చేయించాను. జడ నేను వేయడం మానేసి, శనివారం వచ్చినప్పుడు వాళ్లమ్మ చేత వేయించాను. ఆమె అల్లే జడ నా జడ కంటే గట్టిగా ఉండేది, రెండు రోజులైనా ఊడేది కాదు. తర్వాత తర్వాత పిల్లే శనివారం దాకా జడ విప్పనిచ్చేది కాదు.

డాక్టర్లు పూర్తిగా నయమైందన్నారు. ఆమెకు ఒక చోట వంటమనిషి పని, ఉండటానికి గది దొరికాయి. సమితి వాళ్లు రెండుసార్లు చూసి వచ్చి ఆర్డరు ఇచ్చారు. వెళ్లే రోజు పిల్ల సంచిలో బట్టలు, పుస్తకాలు సర్దుకుని, ఆ పళ్లెం పైన పెట్టుకుంది. వాళ్లమ్మకు కూడా ఒక పళ్లెం కొని పేరు కొట్టించి ఇచ్చాం.

మేం దత్తత తీసుకోవచ్చు కదా అని అడిగారు చాలామంది. తల్లి ఉన్న పిల్ల, ఆ తల్లి కోరుకుంటున్న పిల్ల, మనకెలా వస్తుంది? చట్టపరంగా దత్తతకు అర్హులై ఉండీ తీసుకునేవాళ్లు దొరకని పిల్లలు ఫోస్టర్‌లో రెండేళ్లు ఒకే ఇంట్లో ఉంటే ఆ కుటుంబం దత్తత తీసుకోవచ్చని 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ముందు అది ఐదేళ్లు ఉండేది. అది వేరే సందర్భం. ఆ ఆశే పెట్టుకుని ఫోస్టర్‌కి వస్తే మాత్రం, పిల్ల తల్లి కోలుకుంటోందన్న కబురు వినగానే మనసు కుదుటపడాల్సింది పోయి కుంగిపోతుంది.

దీనితోపాటే ఒక హెచ్చరిక. ‘ఫలానా ఆస్పత్రిలో పాప ఉంది, బాండు పేపరు మీద రాసుకుంటే చాలు’ అని మన దగ్గర ఇంకా నడుస్తోంది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఎవరూ తల్లిదండ్రులు కాలేరు. ఆ పద్ధతిలో బిడ్డను కొన్నా అమ్మినా చట్టంలో ఐదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష జరిమానా ఉన్నాయి. ఆస్పత్రి సిబ్బంది చేస్తే మూడు నుంచి ఏడేళ్లు. శిక్ష సంగతి పక్కన పెట్టినా, ఐదేళ్లు పెంచాక ఒకరోజు పోలీసులు వచ్చి బిడ్డను తీసుకెళితే ఆ బిడ్డ ఏమైపోవాలి?

ప్రశ్నలుంటే అడగండి. ఆ వెనక ఉన్న పెద్దామె చేయెత్తారు. చెప్పమ్మా. కొంచెం గట్టిగా.

సరే, వెనకవాళ్లకు వినపడలేదేమో, నేను చెబుతాను. ఈ అమ్మ కొడుకు ట్రాక్టరు బోల్తాపడి పోయాడు. కోడలు ఆ మరుసటి ఏడే జబ్బుచేసి పోయింది. మనవరాలు ఏడో తరగతి, మనవడు నాలుగు. ఇద్దరినీ ఈమే చూసుకుంటోంది. నేను కూడా ఆ ఫోస్టర్ డబ్బుకు పెట్టుకోవచ్చా అని అడుగుతోంది.

అమ్మా, మీకు ఫోస్టర్ వర్తించదు, ఎందుకంటే పిల్లలు సొంత నాయనమ్మ దగ్గరే ఉన్నారు. వాళ్లను హోమ్‌కి పంపాల్సిన పని లేదు, ఎవరైనా అలా చెబితే ఒప్పుకోవద్దు. మీకోసం వేరే ఉంది, స్పాన్సర్‌షిప్ అంటారు. అది కూడా మిషన్ వాత్సల్య కిందే, ఒక్కో పిల్లకు నెలకు అదే 4,000. తల్లిదండ్రులిద్దరూ లేక బంధువుల దగ్గర ఉంటున్న పిల్లలు, భర్త పోయిన లేదా భర్త వదిలేసిన ఆడవాళ్ల పిల్లలు, ప్రాణాంతకమైన జబ్బు వచ్చినవాళ్ల పిల్లలు, ప్రమాదంలో పనిచేయలేని స్థితికి వచ్చినవాళ్ల పిల్లలు దీనికి వస్తారు. ఇంటి ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. పిల్లలు బడికి పోతూ ఉండాలి, వరసగా 30 రోజులు మానేస్తే ఆపేస్తారు. ఈ హాల్లో ఫోస్టర్‌కి వచ్చే ఇల్లు ఒకటో రెండో ఉంటుందేమో. స్పాన్సర్‌షిప్‌కు అర్హత ఉండి తెలియని ఇళ్లు మాత్రం పది ఉంటాయి. నా క్లాసు రిజిస్టరు చూస్తేనే నాకు నలుగురు పిల్లలు కనిపించారు. టీచర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, రేపు మీ రిజిస్టర్లు ఒకసారి తీసి చూడండి.

ఏమేం కావాలంటే, పిల్లలిద్దరి ఆధార్, మీ ఆధార్, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం, కొడుకు కోడలు ఇద్దరి మరణ ధ్రువపత్రాలు. కోడలిది లేదా? ఇంట్లోనే పోయిందా. పంచాయతీలో రాయించారా? రాయించలేదు. సరే, అది ముందు చేయించాలి. ఆలస్యమైనా చేయించవచ్చు, ఎమ్మార్వో ఆఫీసు ద్వారా పోవాల్సి ఉంటుంది. పెద్దగా భయపడాల్సిందేమీ లేదు. సోమవారం కలెక్టరు ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు, డీసీపీయూ వాళ్లు కూడా అక్కడే ఉంటారు. ఈ లోపు రేపు పొద్దున మీరు పదింటికి పంచాయతీ ఆఫీసు దగ్గరికి రండి. కొడుకు సర్టిఫికెట్, ఆస్పత్రి కాగితాలు ఏవి ఉంటే అవి ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. నేను రెండో పీరియడ్ దాకా పర్మిషన్ పెట్టుకుని వస్తాను. మనవరాలిని కూడా తీసుకురండి అమ్మా, ఏడో తరగతి పిల్ల కదా, దరఖాస్తు తనే రాస్తుంది.